కనబడని కాసు, కట్టవలసిన ముడుపు

పిఠాపురమున వేంచేసియున్న శ్రీ కుంతీమాధవస్వామివారిని సేవించుకొని, అచ్చటికి చేరువనే సముద్రతీరమున నున్న ఉప్పాడ గ్రామమునకు వెళ్లుట ఇటీవల ఒక మాఘమాసమున నాకు తటస్థించినది. మా గ్రామమందలి ఆలయమున కల్యాణోత్సవమునకు అమ్మవారికి ఉప్పాడ జామ్దానీ చీర నొకదానిని సమర్పింపవలెనని పెద్దలు సంకల్పించిరి. ఇంటింటి వారును తమకు తోచినంత సొమ్మును నా బ్యాంకు ఖాతాకు పంపి, చీర తెచ్చు భారమును నాపై నుంచిరి.

ఉప్పాడ చీరను గూర్చి తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. అయినను ఒక్కమాట. జామ్దానీ పనిలో మగ్గము ముందు ఇరువురు కూర్చుండి, ఒక్కొక్క పూవునకు వేరు వేరు పోగులను పడుగు నడుమ చేతితో దూర్చుచు నేయుదురు. అందుచేత బుటా చీరకు ఇరువైపులను ఒకే తీరుగ కనబడును. పనితనమును బట్టి ఒక్క చీరకు వారములు పట్టును, కొన్నింటికి రెండు మాసములును పట్టును. 2009లో ఈ నేతకు భౌగోళిక గుర్తింపు లభించినది. గ్రామమునకు ఒక ప్రక్క సముద్రము దశాబ్దములుగా ఒడ్డును కోసికొనిపోవుచున్నది. రాళ్లు వేసిన చోటనే మరల మరల రాళ్లు వేయుచున్నారు. ఈ నడుమ ఆ ఇండ్లలో ఓపికగా పోగు మీద పోగు పడుచునే యున్నది.

ఒక నేతగాని యింట చీర కుదిరినది. వెల చెల్లించుటకు నేను జేబులోని ఫోను తీసి, గోడకు అంటించిన చతురస్రపు గుర్తు నెదుట పట్టి, అంకెలు నొక్కితిని. రెప్పపాటులో వారి ఫోను పలికినది. ఇంత సొమ్ము ముట్టినదని తెలుగులోనే చెప్పినది. నా చేయి వారి చేతికి తగులలేదు, నోటు చేతులు మారలేదు, చిల్లర లెక్క లేదు. అంతయు ముగిసినదని నేను లేవబోవుచుండగా, లోపలి వసారాలో కండెలు చుట్టుచున్న ఆ యింటి పెద్దావిడ పిలిచి అడిగినది.

"పంతులుగారండీ, పైకం పడిందని ఫోను చెప్పింది. బాగానే ఉంది. మరి సామి రూపాయి ఎందులోంచి తియ్యమంటారు?"

ఆ యింట నొక ఆచారము కలదట. చీర అమ్ముడుపోయి సొమ్ము చేతికి రాగానే, బియ్యమునకు గాని అప్పునకు గాని తీయకముందే, అందులో మొదటి రూపాయి స్వామిదని పసుపు గుడ్డలో కట్టుదురు. పటము ప్రక్కన వ్రేలాడు ఆ ముడుపు నిండిన యేడు ద్వారకా తిరుమలకో, వీలైన తిరుమలకో తీసికొనిపోయి హుండీలో సమర్పింతురు. ఇప్పుడు సొమ్మంతయు కుమారుని ఫోనులోనికి పోవుచున్నది. మొదటి రూపాయి ఏది? కడపటి రూపాయి ఏది? ఆమె వేళాకోళమునకు అడుగలేదు. ఆమె ప్రశ్నకు ఆ క్షణమున నాకు సమాధానము తోచలేదు. తిరుగుబస్సులోను, ఆ తరువాత అనేక దినములును తలపోసిన దానిని భక్త మహాశయుల ముందుంచుచున్నాను.

మొదట ఈ సొమ్ము ఏమిటో చూడవలెను. మన పూర్వులు ద్రవ్యమునకు దైవమును దూరముగ నుంచలేదు. విజయనగర ప్రభువుల కాలమున చెలామణియైన బంగారు నాణెమునకు వరహా యని పేరు. భూమి నుద్ధరించిన ఆదివరాహమూర్తి పేరది. పిమ్మట ఈస్ట్ ఇండియా కంపెనీవారు కూడ ఉభయదేవేరులతో నిలిచిన శ్రీవేంకటేశ్వరుని రూపమును బంగారు నాణెముల మీద కొట్టించిరి. అంతకు పూర్వపు గవ్వ నేటికిని "చిల్లిగవ్వ లేదు" అను మాటలో బ్రతికియున్నది. గవ్వ పోయి కాసు వచ్చినది, కాసు పోయి కాగితము వచ్చినది. కాగితము వచ్చినప్పుడు ఇది సొమ్మేనా యని శంకించిన వృద్ధులు ఉండియే యుందురు. ఇప్పుడు కాగితము కూడ లేదు.

2016 ఏప్రిలులో జాతీయ చెల్లింపుల సంస్థ యూపీఐ పద్ధతిని వెలువరించినది. ఆ యేడు నవంబరు 8వ తేదీ రాత్రి అయిదువందల, వేయి రూపాయల నోట్లు రద్దయిన పిమ్మట, ప్రజలు అవసరము చేతనే ఫోను చెల్లింపులకు అలవాటుపడసాగిరి. 2023 ఆగస్టులో ఒక్క మాసముననే వేయికోట్లకు మించి యూపీఐ చెల్లింపులు జరిగినవి. అయితే ఇందులో కదలునది బ్యాంకులోని మన నిలువ మాత్రమే. ఒక బ్యాంకు నుండి మరియొక బ్యాంకునకు "వీరి పద్దు తగ్గించి వారి పద్దు పెంచు"డను వార్త పోవును. మన కంటికి క్షణములో ముగిసినట్లు తోచినను, ఆ బ్యాంకులు తమలో తాము లెక్క తీర్చుకొనుట పిమ్మట విడతలుగా జరుగును.

డిజిటల్ రూపాయి యనునది దీనికంటె వేరైనది. 2022లో రిజర్వు బ్యాంకు చట్టమును సవరించి దీనికి చట్టబద్ధత కల్పించిరి. ఆ యేడు డిసెంబరు 1వ తేదీన సామాన్య ప్రజల వాడుకకై నాలుగు నగరములలో ప్రయోగముగ ఆరంభించిరి. ఇది బ్యాంకు పద్దు కాదు, రిజర్వు బ్యాంకు స్వయముగ జారీచేయు రూపాయియే. కాగితపు నోటు మీది వాగ్దానమే కాగితము లేక ఫోనులో నుండును. నోట్లకు, నాణెములకు ఉన్న విలువలే దీనికిని కలవు. సంచిలోని నోటు వలెనే దీనికి వడ్డీ రాదు. చేతి నుండి చేతికి నోటు మారినట్లే ఫోను నుండి ఫోనునకు ఇది మారును, మారినంతనే లెక్క తీరును. సంకేతములు అందని చోటను ఇది చెల్లునట్లును, ఒక నిర్ణీత ప్రయోజనమునకు మాత్రమే వ్యయమగునట్లును ఏర్పాట్లు చేయుదుమని 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించినది. యూపీఐలో సైతము సంకేతము లేకయే రెండు ఫోనులను దగ్గర చేర్చి చెల్లించు లైట్ ఎక్స్ పద్ధతి 2023 సెప్టెంబరులో వచ్చినది. తుపాను వచ్చినచో కరెంటు పోయి ఫోను మూగవోవు తీరగ్రామములకు ఇది చిన్న విషయము కాదు. 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను ఒడ్డు దాటినప్పుడు ఈ తీరవాసులు పడిన భయమును పత్రికలలో చదివినవారికి దీని అవసరము తెలియును. అయినను నేను చూచినంతలో ఉప్పాడ వీధులలో పలుకునది యూపీఐ మాత్రమే. పెద్దావిడకు ఈ రెండింటి భేదముతో పని లేదు. రెండును ఆమె పసుపు గుడ్డలోనికి రానివే.

ఇక ధర్మవిచారము. రూపము లేని సొమ్ము ముడుపు కాగలదా? శాస్త్రజ్ఞులు వెంటనే అనవచ్చును: సర్వమును ఆ శేషికే చెందినది, జీవుడు శేషభూతుడు, స్వామి సొమ్మును స్వామికిచ్చుటలో రూపమేమి, అరూపమేమి? శ్రీవైష్ణవ సిద్ధాంతమున ఇది తిరుగులేని మాటయే. స్వామికి ఫోను ద్వారా సమర్పించు ఇ-హుండీ నేడు కలదు. దానికి పంపిన కానుక స్వామికి అందదని ఎవ్వరును అనరు, అనరాదు. కాని ముడుపు స్వామికి అందుట ఒకనాటి మాట. అంతవరకు అది ఇంటిలో నుండుట పెక్కు దినముల మాట. ప్రశ్న ఆ దినములను గూర్చినది.

ముడుపు స్వభావమును కొంత పరిశీలింతము. ఒక ప్రయోజనమునకే కట్టుబడిన ద్రవ్యమది. పైన చెప్పిన నిర్ణీత ప్రయోజనపు రూపాయిని నేటివారు కొత్త వింతగ చెప్పుదురు గాని, మన అవ్వలు పసుపు గుడ్డతో ఎప్పుడో చేసినదే అది. భేదమెక్కడనగా, యంత్రము కట్టిన రూపాయి వేరొక పనికి చెల్లదు, అది దాని నిర్మాణము. పసుపు గుడ్డలోని రూపాయి ఎక్కడనైనను చెల్లును. దానిని ఆపునది ముడి కాదు. పిల్లవానికి జ్వరము వచ్చిన రాత్రి, నూలు కొనుటకు సొమ్ము లేని వారమున, ముడుపు కన్నులయెదుటనే వ్రేలాడుచుండును. విప్పుటకు క్షణము చాలును. విప్పరు. విప్పక తప్పనినాడు స్వామితో చెప్పుకొని విప్పి, పిమ్మట వడ్డీతో కట్టుదురు. ఆయన వడ్డికాసులవాడు గదా! తీయగలిగియు తీయకుండుటలోనే ముడుపు యొక్క ప్రాణము కలదు. తీయ వీలులేకుండ బంధించిన సొమ్ము భద్రమైనది కావచ్చును. దానిని కాచిన భక్తి మాత్రము ఎవరిది? ఫోనులోని మొత్తములో కలిసిపోయిన రూపాయి సంగతి దీనికి వ్యతిరేకము. దానిని ఎవరును విప్పరు, ఎవరును కాయరు. మరచిపోవుదురు.

రెండవది తక్షణత్వము. దానమునకును చెల్లింపునకును భేదము కలదని ఎరుగుదును, అయినను ఈ విషయమున మన పురాణములు పలికినంతగ మరేమియు పలుకలేదు. బలిచక్రవర్తి కథ తలచుకొనుడు. మూడడుగుల నేల యిత్తునని పలికిన పిమ్మట, ధారవోయుటకు ముందు కొంత వ్యవధి కలిగినది. ఆ వ్యవధిలో గురువు వచ్చి వచ్చినవాడు విష్ణువని చెప్పెను, వలదనెను, శపించెను. మన దేశమున ప్రచారమందున్న కథలో కలశపు ముక్కునకు అడ్డుపడెను కూడ. మాటకును నీటికిని నడుమ ఉన్న ఆ కొద్ది కాలముననే బలి గొప్పవాడయ్యెను. తప్పించుకొన వీలుండియు తప్పించుకొనలేదు. ఒక్క తాకుడుతో భూమి మారిపోయి యుండినచో వామనుని కార్యము నెరవేరెడిది, బలి మాత్రము మనకు తెలియకపోయెడివాడు.

దీనికి ఎదురుగ కర్ణుని కథ యొకటి లోకమున ప్రసిద్ధము. ఎడమచేతిలోని రత్నపాత్రను శ్రీకృష్ణుడు అడుగగా ఎడమచేతనే యిచ్చెనట. ఇదేమి ఆచారమని యడిగిన స్వామితో, కుడిచేతికి మార్చునంతలో మనస్సు మారునేమో యని భయపడితిననెనట. తక్షణ చెల్లింపునకు ఇంతకంటె గొప్ప సమర్థన మరొకటి దొరకదు! మన మనస్సు యొక్క చాపల్యమును ఎరిగినవాడు త్వరపడుట వివేకమే. మ్రొక్కుబడిని వాయిదావేసి వాయిదావేసి యిచ్చెదమనుకొన్నది ఈయలేకపోయినవారు మనలో లేరా? నేనే అందుకొక ఉదాహరణము. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచుకొని చాలకాలము తేల్చుకొనలేకపోయితిని. చివరకు తోచినది ఇది. కర్ణుడు త్వరపడినది మనస్సును ఎరిగినందువలన. బలి ఆగినను చలింపనిది మనస్సును గెలిచినందువలన. ఇరువురియందును మనస్సు ఆ పనిలో నున్నది. వీధిలో నడచుచు, మరొకరితో మాటలాడుచు మనము ఫోనును తాకించునప్పుడు మనస్సు ఎచటనున్నది? అట్టి చెల్లింపునకు నొప్పి లేదు కనుక అది సాత్త్వికమని ఒక మిత్రుడు వాదించెను. గీత పదునేడవ అధ్యాయమున క్లేశపడుచు ఇచ్చు దానము రాజసమని చెప్పబడినదని అతని ఆధారము. ఆ మాట నిజమే. కాని ఆ అధ్యాయముననే ఆదరము లేక ఇచ్చినది తామసమనియు చెప్పబడినది. నొప్పిని దాటుట వేరు, మత్తుమందు వలన నొప్పి తెలియకుండుట వేరు.

మూడవది స్పర్శ. దీనిని గూర్చి వ్రాయుటకు కొంత జంకితిని, అయినను వ్రాయక తప్పదు. తాకకుండ చెల్లించుట నేటి యంత్రము నేర్పినదని మనము చెప్పుకొనుచున్నాము. మన దేశమున అది ప్రాచీనమైన విద్య. కూలివాని దోసిటిలోనికి జానెడు ఎత్తు నుండి పైసలు జారవిడుచుటను నా బాల్యమున కన్నులార చూచితిని. అరుగు మీద పెట్టి, దూరముగ జరిగి, తీసికొమ్మనుటను చూచితిని. వలవేసి చేపలు తెచ్చినవాని శ్రమ మనకు కావలెను, బట్ట నేసినవాని పనితనము దేవునికిని కావలెను, వారి వ్రేళ్లు మాత్రము మన వ్రేళ్లకు తగులరాదు! కావేరీ స్నానమునకు వెళ్లునప్పుడు బ్రాహ్మణ శిష్యుని భుజమును, స్నానమాడి మరలి వచ్చునప్పుడు ఉఱంగావిల్లిదాసుని భుజమును ఊతగ గొనిన భగవద్రామానుజుల సంప్రదాయమున పుట్టినవారమై యుండి మనము చేసినది ఇది. యంత్రమునకు కులము తెలియదు. చతురస్రపు గుర్తు ముందు జమీందారును కూలివాడును ఒకే తీరుగ ఫోను పట్టుదురు. ఈ విషయమున కొత్త పద్ధతి మన పాత పద్ధతి కంటె ధర్మమైనదని నేను నిస్సంకోచముగ చెప్పగలను. కనుక "చేతికి చేయి తగులు ఆత్మీయత పోయినదే" యని విచారించువారు, ఆ ఆత్మీయత పూర్వము ఎవరెవరికి దక్కెనో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

అప్పును గూర్చియు ఒకమాట. పద్మావతీ పరిణయమునకై స్వామి కుబేరుని యొద్ద ఋణము గొనెననియు, కలియుగాంతము వరకు వడ్డీ తీర్చుచుండుననియు మనము విశ్వసింతుము. స్వామి తలచినచో ఆ ఋణమును క్షణములో తీర్పలేడా? తీర్పక నిలుపుకొనెను. ఆ ఋణము మిషతోనే మనము కొండ యెక్కుచున్నాము. క్షణములో తీరిన లెక్కలో ఇచ్చినవానికిని పుచ్చుకొన్నవానికిని మరల కలిసికొనుటకు కారణము మిగులదు. ఇట్లు వ్రాసి కొంత సంతోషించితిని. కాని వెంటనే ఆ నేత యింటి సంగతి జ్ఞప్తికి వచ్చినది. బయానా పుచ్చుకొని తరతరములు షావుకారు మగ్గమునకు కట్టుబడినవారికి ఋణము అనుబంధము కాదు, సంకెల. మజూరీ నేడు రేపని త్రిప్పక, తరుగు తీయక, పూర్తిగ ఖాతాలో పడుట వారికి చిన్న మేలు కాదు. ఆ కుమారుడే నాతో అనెను: "ఇదివరకు షావుకారు ఇచ్చిందే లెక్కండీ. ఇప్పుడు ఎంత వచ్చిందో నాకే కనబడుతుంది." కనబడని సొమ్ము అతనికి మొదటిసారి కనబడినది! కుబేరుని కథను నేత యింటిలో చెప్పునప్పుడు జాగ్రత్త వహింపవలెను.

అయితే కనబడినది ఎవరికి? నా విచారమంతయు తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చినది. ఆ చీరకు కండెలు చుట్టినది పెద్దావిడ. మగ్గము మీద రెండవ ప్రక్కన కూర్చుండి పూలు దూర్చినది కోడలు. సొమ్ము నోట్లుగా వచ్చినంతకాలము, కొడుకు దానిని తెచ్చి తల్లి చేతిలో పెట్టెడివాడు. ఆమె కన్నులకద్దుకొని, మొదటి రూపాయి తీసి, మిగిలినది కోడలికి ఇచ్చెడిది. ఆ సొమ్ము ముగ్గురి చేతుల మీదుగా నడచుటయే ఆ ముగ్గురి పనికిని గుర్తింపు. ఇప్పుడది ఒక్క ఫోనులో, ఒక్క రహస్య సంఖ్య వెనుక నున్నది. కొడుకు దుర్మార్గుడు కాడు, తల్లి అడిగిన దేదియు కాదనడు. కాని అడుగవలసి వచ్చుచున్నది. పూర్వము ఆమె స్వామికి ఇచ్చెడిది, ఇప్పుడు స్వామికి ఇమ్మని కొడుకును అడుగవలెను. ఆమె నన్నడిగిన ప్రశ్నలో భక్తి ఎంత యున్నదో న్యాయమును అంత యున్నది. "సామి రూపాయి ఎందులోంచి" అన్నప్పుడు "నా చేయి ఎందులో" అనియు అడిగినది. ఇంటింట ఈ ప్రశ్న అడుగబడకయే ఉండిపోవుచున్నదేమో. మన గృహములలో పోపుల డబ్బాలోను, బియ్యపు కుండలోను దాచిన చిల్లర స్త్రీల స్వాతంత్ర్యమునకు చివరి మూల. ఆ మూలను యంత్రము తుడిచివేయుచుండగా, వారి పేర ఒక ఖాతాయు వారి చేతికి ఒక ఫోనును లేనిచో, సౌకర్యము పెరిగినదని మనము చెప్పుకొనుట అర్ధసత్యము.

గుప్తదానమును గూర్చియు కొందరు అడుగుదురు. తిరుమలలో కొప్పెరకు గుడ్డ కట్టియుండుటచేత ఎవరు ఏమి వేసిరో ప్రక్కవారికి తెలియదు. ఫోనులో పంపినదానికి పేరు, వేళ, పద్దు అన్నియు మిగులును. చిన్న మొత్తముల విషయమున డిజిటల్ రూపాయికి నోటు వంటి గోప్యత యుండవలెనను అభిప్రాయము రిజర్వు బ్యాంకు 2022 అక్టోబరులో వెలువరించిన పత్రమున కలదు. అది ఏ మేరకు నెరవేరునో కాలము చెప్పవలెను. పద్దు మిగులుట కన్న, పంపిన రశీదును పదిమందికి చూపుట గుప్తదానమునకు పెద్ద విఘాతమని నా అభిప్రాయము. అది యంత్రదోషము కాదు.

ఇంతకును ఆ దినమున ఏమి జరిగినదో చెప్పవలసియున్నది. ప్రశ్నకు సమాధానము తోచక, నేను సంచి వెదకి పదకొండు రూపాయల చిల్లర తీసి ఆమె చేతిలో పెట్టబోయితిని. ఆమె చేయి వెనుకకు తీసికొన్నది.

"మీరిస్తే అది మీ ముడుపు అవుతుందండి. మా చీర మీద వచ్చిన పైకంలోదే కావాలి."

నేను సిగ్గుపడితిని. కొడుకు మాటలాడక లేచి వీధి చివరి కిరాణా దుకాణమునకు పోయెను. ఆ దుకాణదారునికి ఫోనులో పది రూపాయలు పంపి, బదులుగా పది రూపాయి నాణెములు అడిగి తెచ్చెనని తరువాత తెలిసినది. చిల్లర దొరకుట ఈ మధ్య కష్టముగ నున్నదని దుకాణదారుడు గొణిగెనట. కొడుకు ఆ పదింటిని తల్లి దోసిటిలో పోసెను. ఆమె కన్నులకద్దుకొని ఒకటి తీసి పసుపు గుడ్డలో వేసి ముడి బిగించినది. మిగిలిన తొమ్మిదింటిని కోడలిని పిలిచి ఇచ్చినది. ఆ పిల్ల వానిని లెక్కపెట్టి కొంగున ముడివేసికొని, మరల మగ్గము వద్దకు పోయి కూర్చున్నది.